పదిహేడో ఇంటి ఉయ్యాల

మేస్త్రికి చుక్కలంటే పడదు. పేరు మధ్యలో చుక్క కనిపిస్తే చాలు, దాని తరవాత ఉన్నదంతా తనకు సంబంధం లేదనుకుని వదిలేస్తాడు. పేరు మొదట్లోనే చుక్క ఉంటే ఆ ఫైలు వంక కన్నెత్తి కూడా చూడడు. ఈ సంగతి ఉమామణికి తెలిసినంతగా కాకినాడలో ఇంకెవరికీ తెలియదు. తొమ్మిదేళ్ళుగా ఆవిడ ఉద్యోగమే మేస్త్రికి మింగుడుపడని పేర్లను సరిచేసి పెట్టడం.

మేస్త్రి అంటే మనిషనుకునేరు. కంప్యూటర్లో ఉండే ప్రోగ్రాము. తీరపు ఇళ్ళ కేంద్రంలో అందరూ దాన్ని మనిషిని పిలిచినట్టే పిలుస్తారు, మనిషిని తిట్టినట్టే తిడతారు. రోజూ పొద్దున్నే అయిదింటికి లేచి, ఫైళ్ళన్నీ చదువుకుని, సముద్రంలో కలిసిపోయిన నూట మూడు ఇళ్ళను మొదటినుంచీ మళ్ళీ కట్టేస్తాడు. ఒక్కో మనిషికి ఒక్కో ఫైలు. నిన్నటి ఇంట్లో ఎవరేడ్చినా, ఎవరు గుమ్మం పట్టుకుని నిలబడిపోయినా, ఇవాళ్టి ఇంట్లో ఆ జాడ ఉండదు.

ఆ ఇళ్ళు నీలాలపేటవి. ఉప్పాడ అవతల, తుపానుకో వీధి చొప్పున సముద్రం తినేసిన పేట అది. పేట ఇంకా సగం మిగిలుండగా డాక్టర్ ఫణిరాజుగారు ఒక విషయం కనిపెట్టారు. సముద్రం పక్కనుండే సున్నపు గోడ ఎప్పటికీ పూర్తిగా ఆరదు. అలా తడిగా ఉన్నంతసేపూ గదిలోని వేడినీ చప్పుడునీ పొరగా పట్టుకుని ఉంచుతుంది. మహా అయితే ఒక గంట. అంతకు ముందుదంతా తేమకి చెరిగిపోతుంది. ఆయన యంత్రం తీసుకెళ్ళి గోడలకి ఆనిస్తే, కూలిపోబోయే ఇంట్లో చివరి గంట బయటికొచ్చింది. ఎవరి వేడి వాళ్ళది, ఎవరి గొంతు వాళ్ళది విడివిడిగా వచ్చాయి.

ఇప్పుడు కేంద్రంలో గాజు గదులున్నాయి. పేటవాళ్ళు వారానికొకసారి వచ్చి తమ గదిలో కూచుంటారు. చుట్టూ పాత ఇల్లు లేస్తుంది. పోయినవాళ్ళు పక్కనే మసులుతారు. చెయ్యి చాపితే వేడి తగులుతుంది, మనిషి తగలడు. పలకరిస్తే పలకరు. ఆ గంటే మళ్ళీ మళ్ళీ జరుగుతుంది, అంతే.

ఇంతటి యంత్రానికి పేర్ల దగ్గర వచ్చింది తంటా. నీలాలపేటలో మగాళ్ళలో సగంమంది తాతారావులే. ఇంటిపేర్లు మొత్తం నాలుగు. గోడలు చదవడానికి వెళ్ళినవాళ్ళు గుర్తు కోసం పేటవాళ్ళు పిలుచుకునేట్టే రాసుకొచ్చేశారు. ‘తాతారావు పెద్దపడవ’, ‘2వ నూకరాజు (గొడవపడినాయన)’, ‘సూరయ్య.అల్లుడు’. ఆ చుక్క దగ్గర మేస్త్రి ఆగిపోయి, ఆ అల్లుడిని సగమే కట్టాడు. గదిలో కూచున్న భార్య బయటికొచ్చి, “మా ఆయన రాలేదేంటమ్మా, దగ్గొక్కటే వచ్చింది?” అని అడిగింది. ఉమామణి నవ్వాపుకుంది గానీ, ఆ దగ్గు మాత్రం చాలా రోజులు ఆవిడ చెవుల్లోంచి పోలేదు.

అన్నిట్లోకీ ఆవిడకి కష్టమైన ఇల్లు పదిహేడోది. నూకరత్నం ఇల్లు.

నూకరత్నం జగన్నాథపురం మార్కెట్లో ఎండుచేపలు అమ్ముతుంది. మంగళవారం పదింటికి చేతులు కడుక్కుని, జడ బిగించుకుని కేంద్రానికొస్తుంది. గదిలో ఆ మూల అత్త సత్తెమ్మ గోడకి చేరబడి, బాలింత పత్యానికి వెల్లుల్లి ఒలుస్తూ ఉంటుంది. ఈ మూల మొగుడు తాతారావు ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి చుట్టుకుని, ఉయ్యాల ఊపుతూనే వల కుడుతుంటాడు. ఇద్దరూ ఇప్పుడు లేరు. నడుమ చాప మీద తొమ్మిదేళ్ళ కిందటి నూకరత్నం. దూలానికి చీర ఉయ్యాల. ముగ్గురి చూపులూ ఆ ఉయ్యాల మీదే ఉంటాయి. ఉయ్యాల్లో ఎవరూ ఉండరు.

గంట నడుమ ఆ పడుచు నూకరత్నం లేచి, ఉయ్యాల్లోకి వంగి, ఏమీ లేనిదాన్ని రెండు చేతులతో ఎత్తుకుంటుంది. భుజానేసుకుని గాలిని జోకొడుతుంది. ఒళ్ళో పడుకోబెట్టుకుని పైట సర్దుకుంటుంది. ఇప్పటి నూకరత్నం ఎదురుగా కూచుని అదంతా చూస్తుంది.

“పసిగుడ్డు కదమ్మా, గోడకి అంది ఉండదు,” అని ఫణిరాజుగారు మొదట్లోనే సర్దిచెప్పారు.

“అందకపోవడమేంటండి. దానేడుపుకి మూడిళ్ళ అవతలోళ్ళు లేచేవోరు,” అంది నూకరత్నం. “అది రాదు లెండి. నా మీద అలిగింది. పేరెట్టలేదు కదా, అందుకని.”

* * *

కొత్త మేస్త్రి వస్తున్నాడని చెప్పినప్పుడు ఉమామణి సంతోషపడింది. వీడికి చుక్కల పట్టింపు లేదు, ఖాళీల పట్టింపు లేదు. ఏ పేరు ఎలా ఉన్నా చదువుకుంటాడు. ఒక్కటే షరతు. ఏ ఇంట్లోనైనా ఒక మనిషికి పేరు లేకపోతే ఆ ఇల్లు కట్టడు. వచ్చే మంగళవారంనుంచి పాత మేస్త్రికి సెలవు.

మంగళవారం మధ్యాహ్నం, నూకరత్నం వచ్చి వెళ్ళిపోయాక, కొత్తవాడిని ఒకసారి నడిపించి చూసింది. నూట రెండు ఇళ్ళు కట్టాడు. చివర్న ఒక్క వాక్యం రాశాడు: పదిహేడో ఇల్లు కట్టలేదు, నాలుగో మనిషికి పేరు లేదు.

ఆ ఇంట్లో ముగ్గురే కదా అనుకుంది. ఆ ఇంటి ఫైళ్ళుండే సంచి తెరిచి, దాచినవి కూడా చూపించమంది. పైన, అన్నిటికంటే ముందు, ఒక ఫైలు. దానికి పేరు లేదు. చుక్కా, చుక్క తరవాత ఫైళ్ళన్నిటికీ ఉండే తోకా, అంతే. పేరు ఉండాల్సిన చోట ఎవరూ ఏమీ రాయలేదు గనక మొదలే చుక్క అయింది. అందుకని తొమ్మిదేళ్ళపాటు, రోజూ పొద్దున్న అయిదింటికి, మేస్త్రి దాని పక్కనుంచి నడిచి వెళ్ళిపోయాడు.

ఎవరు రాయలేదో ఉమామణికి వెంటనే గుర్తొచ్చింది. ఆవిడే.

అప్పుడు తనకి ఆరో నెల. ఆయాసపడుతూ ఆ ఇంటి గుమ్మంలో పలక పట్టుకుని కూచుంది. గోడ చదవడం అయిపోయింది, పేర్లు అడుగుతోంది. “పాపకో?” అంటే, “దానికింకా పేరెట్టలేదండి, ఇయ్యాళ పదకొండో రోజు,” అని నవ్వింది నూకరత్నం. “ఇరవయ్యొకటో రోజున ఎడతాం. మీరూ రండి.” ఉమామణి సరేనంది. ‘పాప’ అని రాసినా సరిపోయేది. కానీ పేరు కానిదాన్ని పేరని రాయడమెందుకు, పది రోజులు పోయాక వచ్చి అసలుదే రాద్దామని గడి ఖాళీగా వదిలేసింది. ఆ మూడో రోజునే తుపాను. ఇల్లు పోయింది. పునరావాస కేంద్రంలో తడినేల మీద చలిజ్వరమొచ్చి పిల్ల పుట్టిన పదిహేడో రోజున పోయింది. ఆ తరవాత పేరెవరినడుగుతుంది? ఆ ఖాళీ గడి సంగతే మరిచిపోయింది.

ఫైలు ఎంతుందో చూసింది. మిగతా ముగ్గురి ఫైళ్ళకంటే పెద్దది. గోడకి అందకపోవడం కాదు, ఆ గంటలో అందరికంటే ఎక్కువ చప్పుడు చేసింది ఆ పిల్లే.

అలిగిందో లేదో గానీ నూకరత్నం చెప్పిన కారణం మాత్రం నిజం. ఉమామణి లేచెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చింది. గాజు గదుల వైపునుంచి ఉయ్యాల తాడు కిర్రుమన్నట్టు అనిపించింది. ఆ పూటకి గదులన్నీ ఆర్పేసి చాలాసేపయింది.

* * *

“తీసేయండి,” అన్నారు ఫణిరాజుగారు. అరవై దాటిన మనిషి. సున్నం ముట్టీ ముట్టీ వేళ్ళ కొసలు పగిలి ఉంటాయి. “ఆ ఫైలు చెరిపేస్తే ఇంట్లో ముగ్గురే మిగులుతారు. ముగ్గురికీ పేర్లున్నాయి. ఆవిడ మంగళవారం ఎప్పట్లాగే వస్తుంది, ఎప్పట్లాగే వెళ్తుంది.”

“అది ఆవిడ బిడ్డ కదండీ.”

“బంగారమ్మ కొడుకు మాత్రం బంగారమ్మ బిడ్డ కాదా?”

మూడో ఇల్లు బంగారమ్మది. పడవ తిరగబడి పోయిన రెండేళ్ళ కొడుకు ఆ ఇంట్లో ఉండేవాడు. గంట చివర్లో గుమ్మం వైపు చేతులు చాపి, “అమ్మా, రా,” అనేవాడు. అప్పట్లో బంగారమ్మ నిలబడిన చోటు అదే. వారం వారం వచ్చి ఆ చోటే నిలబడేది. వాడు చేతులు చాపినప్పుడల్లా వంగేది. ఎత్తుకోలేకపోయేది. ఆరు నెలలయ్యాక ఒకరోజు దీపాలార్పేసినా గదిలోంచి రాలేదు. ఇప్పుడు కూతురింట్లో ఉంటుంది. ఏ గుమ్మం కనిపించినా అక్కడ నిలబడిపోతుంది, ఎవరైనా చెయ్యి పట్టుకుని కూచోబెట్టాలి. ఆ తరవాతే అయిదేళ్ళలోపు పిల్లల్ని కట్టకూడదని ఫణిరాజుగారు స్వయంగా నియమం రాశారు. బంగారమ్మని చూడ్డానికి నెలకోసారి వెళ్తారాయన. ఎందుకెళ్తున్నారని ఎవరూ అడగరు.

“రెండేళ్ళవాడు అమ్మా అన్నాడు,” అన్నారాయన. “ఈ పిల్లకి ఏడవడమే తెలుసు. తల్లి ఎదురుగా ఉండి బిడ్డ పాలకి ఏడుస్తుంటే ఏం చేస్తుందండీ? ఎత్తుకోలేదు. పాలివ్వలేదు. గంటసేపు వినాలి. వారం వారం వినాలి. అంతకంటే ఖాళీ ఉయ్యాలే నయం.”

“నేను చెరపలేనండీ. పేరు రాయనిది నేనే. మీరే వచ్చి చెరపండి.”

ఆయన వచ్చారు. ఆవిడ కుర్చీలో కూచున్నారు. ఫైలు మీద గుర్తు పెట్టి, వేలు మీట మీద ఆనించారు. అలాగే కూచున్నారు. కాసేపటికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“సోమవారం దాకా టైముంది కదా,” అని లేచారు. గుమ్మం దగ్గర ఆగి, “ఆవిడ అడిగితే కాదనడానికి నేనెవణ్ణి? అందుకే అడిగే అవకాశం ఇవ్వకండి అంటున్నాను,” అన్నారు.

* * *

ఉమామణి కూతురు సంహితకి తొమ్మిదో ఏడు. శనివారం పొద్దున్న జడ వేయించుకుంటూ, “అమ్మా, నా పేరు ఎవరు పెట్టారు?” అంది.

“మీ నాన్న. ఎందుకు?”

“బళ్ళో రాసుకు రమ్మన్నారు. మరి పేరు పెట్టకముందు నన్నేమని పిలిచేవాళ్ళు?”

“బుజ్జి, పండు, బంగారం. నోటికొచ్చిందల్లా.”

“అంటే పేరు లేకపోయినా నేను ఉన్నానుగా.”

ఉమామణి చేతిలో జడ పాయలు చిక్కుపడ్డాయి. విప్పి మళ్ళీ అల్లింది. పిల్ల భుజాలదాకా వచ్చేసింది. నూకరత్నం కూతురు దీనికంటే మూడు నెలలు పెద్ద. ఉండుంటే మార్కెట్లో తల్లి పక్కన కూచుని నోటిలెక్కలు చెప్పేది. తాను వదిలేసిన గడి వల్ల ఆ పిల్ల చావలేదు, అది తెలుసు. కానీ చచ్చిపోయిన తరవాత కూడా తొమ్మిదేళ్ళు ఇంట్లోకి రానివ్వకుండా బయట నిలబెట్టింది మాత్రం తనే. ఈ మాట మొగుడికి చెబితే, “ఏంటే, ఫైలుకి కూడా మైల పడతావా?” అన్నాడు. అతనన్నదాంట్లో తప్పేం లేదు. ఆవిడకే తిండి సయించలేదు.

పదింటికి చీర మార్చుకుని జగన్నాథపురం వెళ్ళింది.

నూకరత్నం గోనెపట్టా మీద నెత్తళ్ళు, సావిళ్ళు కుప్పలు పోసి కూచునుంది. ఉమామణిని చూడగానే పీట తుడిచి వేసింది. “ఏంటమ్మగారూ, మీరొచ్చేరు? కబురెడితే నేనే అట్టుకొచ్చేదాన్నిగా. నెత్తళ్ళు మంచియ్యొచ్చేయి.”

“చేపల కోసం కాదు రత్నమ్మా.”

ఉమామణి దారి పొడవునా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. పిల్ల గోడకి అందిందని, ఫైలు ఉందని, పేరు రాయకపోవడం వల్ల మేస్త్రి చూడలేదని, రాయనిది తనేనని. కొత్తవాడొస్తే ఇల్లే లేవదని. చెరిపేయడమో, పేరు పెట్టడమో తేల్చాలని. పెడితే ఏమవుతుందో, బంగారమ్మకేమైందో కూడా దాచలేదు.

నూకరత్నం వింటూనే ఒక గిరాకీకి నెత్తళ్ళు తూచింది. గిరాకీ వెళ్ళిపోయాక తక్కెడ పక్కన పెట్టింది.

“అయితే ఉన్నాదాండి అది,” అంది.

“ఉంది.”

“ఇన్నాళ్ళూ?”

“ఇన్నాళ్ళూ ఉంది. నా వల్లే... నన్ను క్షమించు రత్నమ్మా.”

“మీరేం చేసేరండి. పేరు లేదన్నది నేనే కదా.” తల వంచుకుని పట్టా మీద పొట్టు దులిపింది. “మా అత్త ఏమంటాదో ఆ గదిలో మీరెప్పుడైనా విన్నారా?”

ఉమామణి విన్నది. పేటవాళ్ళు రాకముందు ప్రతి గదీ ఒకసారి చూడాలి కదా.

“నాకు ముందిద్దరు బిడ్డలు పోయేరు,” అంది నూకరత్నం. “అలా పోయినోళ్ళింట్లో పుట్టినదాన్ని పెంట మీద పొర్లించి, పెంటమ్మ అని పిలుత్తారు. అంత పనికిమాలిన పేరైతే చావు కూడా తీసుకెళ్ళదని. ఆ రోజు మా అత్త అదే అడిగింది. నేను ఒప్పుకోలేదు. బళ్ళో నలుగురూ నవ్వుతారన్నాను. మంచి పేరు అనుకున్నాను, ఇరవయ్యొకటో రోజున నేనే ఎడతానన్నాను. మా ఆయన అడిగేడు, ఏంటే ఆ పేరని. చెప్పలేదు. దాని చెవిలోనే ముందు చెప్తానన్నాను.” ఆగి, ముక్కు తుడుచుకుంది. “వారం వారం వచ్చి నేనేం చూత్తన్నాననుకున్నారు? ఆ వద్దన్న మాటే ఇంటన్నాను. ఒక్కసారైనా అది ‘సరే అత్తా’ అంటాదేమోనని. ఆ పిల్లముండ మారదు.”

ఆ పిల్లముండ అన్నది తొమ్మిదేళ్ళ కిందటి తననే.

“సోమారం వత్తాను,” అంది నూకరత్నం. “చెరపకండి.”

* * *

సోమవారం మధ్యాహ్నం నూకరత్నం వచ్చేసరికి ఫణిరాజుగారు కూడా ఉమామణి గదిలో ఉన్నారు. నచ్చజెబుదామనే వచ్చారు. కానీ ఆవిడ మొహం చూశాక తన కుర్చీ ఆవిడకిచ్చి, కిటికీ దగ్గర నిలబడ్డారు.

ఉమామణి ఫైలు తెరిచింది. తెర మీద ఖాళీ గడి. లోపల గీత ఒకటి మినుకు మినుకుమంటోంది.

“ఇక్కడ పేరు రాయాలి. ఏం రాయమంటావు రత్నమ్మా?”

నూకరత్నం ఆ గీతవంక చాలాసేపు చూసింది. “పెంటమ్మ అని రాయండి.”

ఉమామణి చేతులు మీటల మీదే ఆగిపోయాయి. “నువ్వనుకున్న మంచి పేరుందిగా. అది రాద్దాం. ఇప్పుడు నవ్వేవాళ్ళెవరూ లేరు.”

“అది ఇరవయ్యొకటో రోజుకి కదండి,” అంది నూకరత్నం. “దానికింకా పదకొండో రోజే.”

కిటికీ దగ్గర ఫణిరాజుగారు అటు తిరిగిపోయారు. ఉమామణి ఒక్కొక్క అక్షరమే నొక్కింది. గడి నిండింది. చుక్క ముందుకి పేరొచ్చింది. పైనున్న ఫైలు జరిగి, సత్తెమ్మ, తాతారావు, నూకరత్నం వరసలోకి వచ్చి కూచుంది.

* * *

మంగళవారం అయిదింటికి కొత్త మేస్త్రి నూట మూడు ఇళ్ళూ కట్టాడు.

పదింటికి నూకరత్నం గదిలోకి వెళ్ళింది. తలుపు బయట ఉమామణి, ఫణిరాజుగారు నిలబడ్డారు. ఆయన దీపాలార్పే మీట మీద చెయ్యి వేసే ఉంచారు.

గోడలు లేచాయి. వెల్లుల్లి ఒలుస్తూ సత్తెమ్మ వచ్చింది. వల, బొటనవేలి తాడు, తాతారావు వచ్చారు. ఉయ్యాల కదిలింది. ఈసారి అది కిందికి వంగి, బరువుగా కదిలింది. చీర అంచు మీంచి పిడికెడంత చెయ్యి ఒకటి పైకి లేచి మళ్ళీ దిగింది. నూకరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఇద్దరు పోయేరు,” అంది సత్తెమ్మ. “దీన్ని పెంటమ్మ అందావే.”

“వద్దత్తా. ఇరవయ్యొకటో రోజు రానీ,” అంది పడుచు నూకరత్నం.

ఆ మాటకే లేచినట్టు పిల్ల ఏడుపు అందుకుంది. అబ్బ, ఏం గొంతు. గాజు అదిరింది. నూకరత్నం చటుక్కున లేచి ఉయ్యాల దగ్గరికి పరుగెత్తింది. రెండు చేతులూ చాపింది. చేతుల్లోకి వేడి వచ్చింది గానీ పిల్ల రాలేదు. ఏడుపు పెరిగింది. ఫణిరాజుగారి వేలు మీట మీద బిగిసింది.

“ఒక్క నిమిషమండీ,” అంది ఉమామణి.

ఆ గంటలో లేవాల్సిన వేళకి పడుచు నూకరత్నం చాప మీంచి లేచింది. ఎదురుగా నిలబడ్డ ఆవిడలోంచే నడిచి వచ్చి, ఉయ్యాల్లోకి వంగి, పిల్లని ఎత్తుకుంది. తొమ్మిదేళ్ళుగా గాలిని ఎత్తుకున్న చేతుల్లో ఇప్పుడు ఎర్రటి పసిగుడ్డు ఉంది. భుజాన వేసుకుని జోకొట్టింది, ఒళ్ళో పెట్టుకుని పైట కప్పింది. ఏడుపు ఎక్కిళ్ళయింది. ఎక్కిళ్ళు గుటకలయ్యాయి. తరవాత గదిలో వెల్లుల్లి పొట్టు రాలే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. నూకరత్నం మెల్లగా ఆ తల్లీబిడ్డల పక్కన కూలబడింది.

గంటయ్యాక బయటికొచ్చింది. మనిషి తూలుతోంది గానీ ఆగకుండా వచ్చింది.

“పాలు తాగిందండి,” అంది ఫణిరాజుగారితో. “పడుకుంది. ఆ పిల్లముండకి అన్నీ తెలుసు, బాగానే చూత్తంది. నా అవసరమేం లేదు దానికి.”

ఆయన మీట మీంచి చెయ్యి తీశారు. తరవాత మొహం చేతుల్లో పెట్టుకుని అక్కడే బల్ల మీద కూచుండిపోయారు. బంగారమ్మ పిల్లవాడికి ఎదురుగా గుమ్మంలో అప్పటి బంగారమ్మని తామెందుకు కట్టలేదో ఆయనకిప్పుడు గుర్తొచ్చి ఉంటుంది. ఆ రోజు ఆవిడ గుమ్మానికి అవతలి వైపు నిలబడింది. గోడ అవతల ఉన్నది గోడకి తెలియదు.

* * *

తరవాతి మంగళవారం నూకరత్నం రాలేదు. ఉమామణికి భయం పట్టుకుంది. బంగారమ్మ కళ్ళముందు మెదిలింది.

శుక్రవారం పొద్దున్నే వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. పళ్ళెంలో బియ్యం, పసుపు, బెల్లం ముక్క పెట్టుకొచ్చింది. ఇవాళ మీ రోజు కాదు కదా అనబోయి ఉమామణి ఆగింది. పదకొండో రోజు మంగళవారం అనుకుంటే, ఇవాళ్టికి ఎన్నవుతుందో వేళ్ళ మీద లెక్కేసుకుంది. తలుపు తీసి పక్కకి తప్పుకుంది.

“మీరూ రండి,” అంది నూకరత్నం. “అప్పుడు పిలిచేనుగా.”

ఇద్దరూ లోపలికెళ్ళారు. సత్తెమ్మ అడగాల్సింది అడిగింది. పడుచుది వద్దంది. తాతారావు, “ఏంటే ఆ పేరు?” అన్నాడు. పిల్ల ఏడ్చి, పాలు తాగి, ఉయ్యాల్లోకి చేరింది. అప్పుడు నూకరత్నం పళ్ళెం కింద పెట్టి, ఉయ్యాల పక్కన మోకాళ్ళ మీద కూచుని, పిల్ల చెవి దగ్గరికి వంగింది. పెదవులు మూడుసార్లు కదిలాయి. ఉమామణి రెండడుగుల దూరంలోనే ఉంది. వినిపించలేదు. తరవాత లేచి తాతారావు దగ్గరికెళ్ళి, వల మీదికి వంచిన ఆ తలకి దగ్గరగా మరోసారి చెప్పింది.

బయటికొచ్చాక ఉమామణి అడిగింది. “ఫైల్లో పేరు మార్చమంటావా రత్నమ్మా?”

“వద్దండి. చావు చూత్తానే ఉంటాది. పెంటమ్మ అనే ఉండనీండి.” బెల్లం ముక్క ఉమామణి చేతిలో పెట్టింది.

ఉమామణికి చెప్పకుండా ఉండబుద్ధి కాలేదు. “రేపు పొద్దున్న మళ్ళీ మొదటినుంచీ కడతాడు. నువ్వు చెప్పిన పేరు ఆ పిల్లకి ఉండదు.”

“నాకు తెలుసమ్మగారూ. నేను పెట్టేననేది నాకుంటాది కదా,” అని నూకరత్నం మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మళ్ళీ ఎప్పుడూ రాలేదు. మార్కెట్లో కనిపిస్తుంది, నెత్తళ్ళు మంచివి ఏరి ఇస్తుంది, సంహిత ఎలా ఉందని అడుగుతుంది. ఇంటి ఊసెత్తదు.

పేటవాళ్ళు ఎవరూ రాని ఇల్లు ఆర్పేయవచ్చని నియమం ఉంది. ఉమామణి ఆర్పలేదు. రోజూ పొద్దున్న తలుపులు తెరవకముందు ప్రతి గదీ చూడడం ఆవిడ పనే గనక, పదిహేడో గదిలోకి కూడా వెళ్తుంది. మొదట్లో నిమిషం ఉండేది. ఇప్పుడు గంటా కూచుంటుంది. పెంటమ్మ అందావే అంటుంది సత్తెమ్మ. ఇరవయ్యొకటో రోజు రానీ అంటుంది పడుచు తల్లి. ఏంటే ఆ పేరు అంటాడు తాతారావు. పిల్ల నిద్రపోయాక ఉమామణి లేచి, ఉయ్యాల్లోకి వంగి, ఆ చెవి దగ్గర నోరు తెరుస్తుంది.

ఆ పేరు ఆవిడకి తెలియదు. కాసేపు అలాగే వంగి ఉండి, వచ్చేస్తుంది.